పాత సిట్‌కామ్‌ని మళ్ళీ తీస్తే నవ్వు వస్తుందా? మర్ఫీ బ్రౌన్ చూశాక వచ్చిన అనుమానం

నిద్రపట్టని_నాగు (రాత్రి 11.52)

2018లో మళ్ళీ తీసిన మర్ఫీ బ్రౌన్ పదమూడు ఎపిసోడ్లూ రెండు రాత్రుల్లో పూర్తి చేశాను. నిద్ర రాక చూశానే గానీ, నవ్వొచ్చి మాత్రం కాదు.

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. 1988 నుంచి 1998 దాకా అమెరికాలో సీబీఎస్ ఛానల్లో పది సీజన్లు నడిచిన సిట్‌కామ్ ఇది, అంటే అవే పాత్రలతో వారం వారం వచ్చే కామెడీ సీరియల్. మర్ఫీ ఒక టీవీ న్యూస్ రిపోర్టర్. నోటి దురుసు, పొగరు. తాగుడు మాన్పించే కేంద్రం నుంచి అప్పుడే బయటికొచ్చి మళ్ళీ ఉద్యోగంలో చేరడంతో కథ మొదలవుతుంది. ఆ పాత్రకి క్యాండిస్ బెర్గెన్ ఐదు ఎమ్మీ టీవీ అవార్డులు గెలుచుకుని, ఇక నా పేరు పోటీకి పంపొద్దని తనే చెప్పేసింది. అలాంటి సీరియల్.

ఇరవై ఏళ్ళకి అదే నటి, అదే సృష్టికర్త డయాన్ ఇంగ్లిష్, దాదాపు అదే బృందం. బయట ట్రంప్ ప్రభుత్వం. కొడుకు పెద్దవాడై, తల్లికి అస్సలు పడని కన్సర్వేటివ్ ఛానల్లో చేరాడు. వినడానికి ఎంత బాగుందో చూడండి! మొదటి ఎపిసోడ్లోనే మర్ఫీ దగ్గర సెక్రటరీ ఉద్యోగానికి సాక్షాత్తూ హిల్లరీ క్లింటన్ ఇంటర్వ్యూకి వస్తుంది. ఇంత హంగామా చేసి డిసెంబరుకల్లా దుకాణం సర్దేశారు. మరో సీజన్ ఇవ్వలేదు.

నాకు అనిపించింది చెప్తాను, తిట్టేవాళ్ళు తిట్టండి. ఇప్పుడు ఏ జోకు వేసినా ఎవరో ఒకరి మనోభావాలు దెబ్బతింటున్నాయి. అటు సగం మందికి నచ్చితే ఇటు సగం మంది టీవీ కట్టేస్తున్నారు. ఈ రోజుల్లో రాజకీయం ఉన్న పాత సిట్‌కామ్‌ని బతికించడం అయ్యే పని కాదు.

రిమోట్_రాణి (రాత్రి 12.10)

అయ్యే పని కాదని అప్పుడే తేల్చేస్తే ఎలా నాగు గారూ? అదే ఏడాది, అదే దేశంలో, అదే ట్రంప్ హయాంలో, నటి రోజాన్ బార్ తన పేరుతోనే చేసిన కుటుంబ సిట్‌కామ్ రోజాన్ వచ్చింది కదా. 1988లోనే పుట్టిన సీరియల్, 1997లో ఆగిపోయింది. 2018 మార్చి 27న మళ్ళీ మొదలైతే మొదటి రోజే కోటీ ఎనభై లక్షల మందికి పైగా చూశారు. ప్రెసిడెంటు స్వయంగా ఫోన్ చేసి అభినందించాడు.

బల్లకింద_బాబ్జీ (రాత్రి 12.14)

ఆ తర్వాత రెండు నెలలకి ఏమైందో కూడా చెప్పండి రాణి గారూ 😄

రిమోట్_రాణి (రాత్రి 12.31)

చెప్తాను బాబ్జీ గారూ, దాచేదేముంది. మే 29న ఏబీసీ ఛానల్ రద్దు చేసింది. రోజాన్ బార్ ట్విట్టర్‌లో ఒబామా దగ్గర సలహాదారుగా పనిచేసిన వాలెరీ జారెట్ గురించి జాత్యహంకారంతో ఒక మాట రాసింది, కొన్ని గంటల్లోనే సీరియల్ ఎగిరిపోయింది. కానీ సీరియల్లో ఉన్న జోకు వల్ల పోలేదండీ, మనిషి నోటి వల్ల పోయింది. ఆ తేడా వదిలేయకండి. అదే ఏడాది అక్టోబరులో ఆవిడ పాత్ర చనిపోయినట్టు చూపించి, మిగతా కుటుంబంతో ది కానర్స్ అని పేరు మార్చి నడిపారు. అది 2025 దాకా ఏడు సీజన్లు ఆడింది.

అసలు ఆ తొలి ఎపిసోడ్ చూశారా మీరు? రోజాన్ ట్రంప్‌కి ఓటేసింది, చెల్లెలు జాకీ అవతలి పక్షం. ఏడాదికి పైగా మాటల్లేవు. జాకీ ట్రంప్‌ని నిరసించే ఆడవాళ్ళు పెట్టుకున్న గులాబీ టోపీ, నినాదం రాసిన టీషర్టుతో గుమ్మంలో దిగుతుంది. దానికి రోజాన్ భోజనాల ముందు ప్రార్థనలో చెల్లెల్ని పొడుస్తుంది. ఇద్దరూ మూర్ఖులే, ఇద్దరి మీదా నవ్వొస్తుంది. చివరికి జాకీ తడబడుతూ ఒప్పుకునేదేమిటంటే, అక్క మాటలతో బుర్ర తిరిగిపోయి మూడో పార్టీ ఆవిడకి ఓటేసిందట! రాజకీయం అక్కడ వంక మాత్రమే, కథంతా అక్కాచెల్లెళ్ళ పంతం.

టీవీ_తాత (ఉదయం 6.05)

పొద్దున్నే లేచే అలవాటు, ఇప్పుడే చూశాను ఈ చర్చ. మర్ఫీ బ్రౌన్ మొదటిసారి వచ్చినప్పుడు నేను అక్కడే చదువుకుంటున్నాను. ఒక సంగతి చెప్పాలి.

1992 మే నెలలో డ్యాన్ క్వేల్ అని అప్పటి వైస్ ప్రెసిడెంటు, కుటుంబ విలువల మీద ఉపన్యాసమిస్తూ మర్ఫీ బ్రౌన్ పెళ్ళి లేకుండా బిడ్డను కనడాన్ని తప్పుపట్టాడు. లేని మనిషికి లేని బిడ్డ పుడితే దేశం రెండో పెద్దమనిషికి కోపం వచ్చింది. ఊరంతా అదే మాట! ఆ తర్వాతి నెలలో ఆయన ఒక బడికి వెళ్ళి, బంగాళాదుంప అనే ఇంగ్లిష్ మాటకి స్పెల్లింగు సరిగ్గా రాసిన పిల్లవాడి చేత చివర అనవసరంగా ఇంకో అక్షరం చేర్పించాడు. ఇక చూస్కోండి.

సెప్టెంబరులో కొత్త సీజన్ మొదలైంది. నిద్ర లేక జుట్టు పీక్కుంటున్న బాలింత మర్ఫీ, టీవీలో క్వేల్ మాటలు వింటుంది. ఆ క్లిప్పు నిజమైనదే. ఎపిసోడ్ చివర తన న్యూస్ కార్యక్రమంలో రకరకాల కుటుంబాలను చూపించి జవాబిచ్చి, ఆయన ఇంటి ముందు ఒక లారీడు బంగాళాదుంపలు కుమ్మరిస్తుంది.

మా హాస్టల్లో క్వేల్ పార్టీకి ఓటేసేవాళ్ళు కూడా పడీ పడీ నవ్వారు. ఎందుకంటే కయ్యానికి కాలు దువ్వింది ఆయన. రాజకీయం తానుగా వచ్చి సీరియల్ తలుపు తట్టింది. 2018లో సీరియలే వెళ్ళి రాజకీయం తలుపు తట్టింది. లోపలివాళ్ళు వేరే పనిలో ఉన్నారు.

నిద్రపట్టని_నాగు (ఉదయం 8.40)

తాతగారూ, బంగాళాదుంపల లారీ సంగతి నాకు తెలీదు. ఇందుకే ఇక్కడికొస్తాను.

స్క్రిప్టు_సుబ్బులు (ఉదయం 10.22)

కామెడీ రాసి బతికేదాన్ని కాబట్టి వంటింట్లోంచి నాలుగు మాటలు.

మొదటిది ఆలస్యం. స్టూడియోలో జనాన్ని కూర్చోబెట్టి మూడు నాలుగు కెమెరాలతో తీసే సిట్‌కామ్‌కి ఒక వారం క్రమం ఉంటుంది. వారం మొదట్లో నటులందరూ టేబుల్ చుట్టూ కూర్చుని స్క్రిప్టు చదువుతారు. నవ్వు రానిచోట రాత్రికి రాత్రి తిరగరాస్తారు. వారం చివర ప్రేక్షకుల ముందు తీస్తారు. అది ఎడిటింగయ్యి టీవీలోకి వచ్చేసరికి మామూలుగా కొన్ని వారాలు పడుతుంది. 1992లో వైస్ ప్రెసిడెంటు మేలో అన్న మాటకి సెప్టెంబరులో జవాబిచ్చినా వేడి తగ్గలేదు. ఇప్పుడు పొద్దున జరిగినదాని మీద మధ్యాహ్నానికి వెయ్యి మీములొస్తాయి, రాత్రికి లేట్ నైట్ షోలు పిండేస్తాయి. మూడు వారాల తర్వాత మర్ఫీ వచ్చి అదే జోకు వేస్తే చద్దన్నం వడ్డించినట్టు ఉంటుంది.

రెండోది, నాకు ముఖ్యమైంది. స్టూడియో ప్రేక్షకులు రెండు రకాల చప్పుడు చేస్తారు. నవ్వు, చప్పట్లు. నవ్వు వాళ్ళ ప్రమేయం లేకుండా తన్నుకొస్తుంది. చప్పట్లు ఆలోచించి కొడతారు, మేమూ మీ పక్షమే అని చెప్పడానికి. 2018 మర్ఫీలో చెవి పెట్టి వినండి, చప్పట్లు ఎన్నిసార్లు వస్తాయో. చప్పట్లు పడ్డ ప్రతిచోటా రచయితకి ఒళ్ళు పులకరిస్తుంది, మళ్ళీ అలాంటి లైనే రాస్తాడు. నేనూ రాశాను, ఒప్పుకుంటున్నా. ఒళ్ళు పులకరిస్తే జాగ్రత్తపడాలని తెలుసుకోవడానికి నాకు ఆరేళ్ళు పట్టింది.

మూడోది భయం. మేం రాసిన ఒక వెబ్ కామెడీలో మంత్రి పాత్ర ఉండేది. పార్టీ పేరు లేదు, గుర్తు లేదు. అయినా లాయరు కూర్చుని అతని కండువా ఏ పార్టీనీ గుర్తుచెయ్యకూడదన్నాడు. మూడు రంగులు మార్చాం. ప్రతి రంగుకీ ఏదో ఒక పార్టీ ఉంది. చివరికి కండువా తీసేశాం, మంత్రి కాస్తా బ్యాంకు మేనేజరులా తయారయ్యాడు. కాబట్టి నాగు గారు చెప్పిన మనోభావాల గొడవ అబద్ధం కాదు. కానీ అది తీసేవాళ్ళ భయం. చూసేవాళ్ళు నవ్వకపోవడానికి కారణం వేరు.

నిద్రపట్టని_నాగు (ఉదయం 11.03)

సుబ్బులు గారూ, చప్పట్ల మాట నిజమే, ఒప్పుకుంటున్నా. కానీ చూసేవాళ్ళు మారలేదంటే నమ్మను. ఫాల్టీ టవర్స్‌ని ఏం చేశారో తెలుసుగా?

బల్లకింద_బాబ్జీ (ఉదయం 11.47)

ఫాల్టీ టవర్స్ నా సబ్జెక్టు, నేను చెప్తా. హోటల్ యజమాని బాసిల్‌గా జాన్ క్లీజ్ నటించిన బ్రిటిష్ సిట్‌కామ్ అది. 1975లో ఆరు, 1979లో ఆరు, మొత్తం పన్నెండే ఎపిసోడ్లు. 2020 జూన్‌లో యూకేటీవీ అనే బ్రిటిష్ టీవీ సంస్థ తన స్ట్రీమింగ్ నుంచి జర్మన్ల ఎపిసోడ్‌ని తీసేసింది. కారణం, అందులో మేజర్ అనే ముసలాయన జాతుల గురించి వాడే బూతు మాటలు. గోల మొదలవగానే ముందు ఒక హెచ్చరిక పెట్టి మళ్ళీ ఎక్కించారు. జాన్ క్లీజ్ అప్పుడు తిట్టిన తిట్లు అన్నీ ఇన్నీ కావు. మేం ఆ ముసలాయన్ని వెక్కిరిస్తుంటే, ఆయన్ని సమర్థిస్తున్నామనుకుంటే ఎలా అన్నది ఆయన వాదన.

అసలు తమాషా ఏంటంటే, 2024లో అదే ఎపిసోడ్‌ని ఇంకో రెండిటితో కలిపి లండన్ రంగస్థలం మీదికి తెచ్చినప్పుడు, ఆ మాటల్ని తీసేసింది క్లీజే. జనం మామూలుగానే నవ్వారు. అంటే ఆ ఎపిసోడ్ ఆ మాటల మీద నిలబడలేదన్నమాట. బాసిల్ తలకి దెబ్బ తగిలి, యుద్ధం మాటెత్తొద్దని అందరికీ చెప్తూ తనే ఎత్తుతూ ఉంటాడు చూడండి, నవ్వంతా అక్కడుంది.

2023లో కూతురు కెమిలాతో కలిసి కొత్త సీరియల్ తీస్తానని కూడా ప్రకటించాడు. బాసిల్ ఈ కాలంలో ఎలా నెగ్గుకొస్తాడన్నది కథట. నాకైతే భయంగా ఉంది. బాసిల్ తన కాలంలోనే నెగ్గుకు రాలేదు కదండీ, అందుకే కదా నవ్వాం!

మూడోకన్ను (మధ్యాహ్నం 1.15)

క్లీజ్ వాదనకి ఒక చిక్కుంది. వెక్కిరిస్తున్నామని రచయిత అనుకుంటే సరిపోదు.

ఆల్ ఇన్ ది ఫ్యామిలీ అని నార్మన్ లియర్ తీసిన అమెరికన్ సీరియల్, 1971 నుంచి 1979 వరకు. ఆర్చీ బంకర్ అనే నోటికి అడ్డూ ఆపూ లేని ఇంటిపెద్ద, నల్లవాళ్ళ నుంచి ఆడవాళ్ళ దాకా ఎవర్నీ వదలడు. అతని మూర్ఖత్వాన్ని బయటపెట్టాలని తీశారు. 1974లో విడ్మర్, రోకీచ్ అనే ఇద్దరు సైకాలజిస్టులు చూసేవాళ్ళని అడిగితే తేలిందేమిటంటే, మనసులో ద్వేషం తక్కువున్నవాళ్ళు ఆర్చీని చూసి నవ్వుతున్నారు, ఎక్కువున్నవాళ్ళు ఆర్చీతో కలిసి నవ్వుతున్నారు. మనవాడు భలే అన్నాడే అని! ఒకటే డైలాగు, రెండు నవ్వులు.

కాబట్టి "అప్పట్లో జనం పెద్దమనసుతో నవ్వేవాళ్ళు, ఇప్పుడు పాడైపోయారు" అనే మాట నాకు ఎక్కదు. అప్పుడూ ఎవరి నవ్వు వాళ్ళది. ఎదుటివాడు ఎందుకు నవ్వుతున్నాడో కనిపించేది కాదు, అంతే. ఇప్పుడు కామెంట్లలో కనిపిస్తోంది.

కుండబద్దలు_99 (మధ్యాహ్నం 1.40)

ఇదంతా ఎందుకు, ఆ పార్టీ వాళ్ళకి జోకులు అర్థం కావు, ఈ పార్టీ వాళ్ళకి జోకులు రావు. అయిపోయింది.

నిర్వాహకుడు (మధ్యాహ్నం 1.58)

ఇది మీరు వేసిన జోకుగా తీసుకుంటున్నాం. తర్వాతి పోస్టులో పార్టీ పేర్లొస్తే తీసేస్తాం.

టీవీ_తాత (సాయంత్రం 4.30)

పార్టీ పేరు లేకుండానే నలభై ఏళ్ళు బతికిన రాజకీయ సిట్‌కామ్ ఒకటుంది. యస్ మినిస్టర్. 1980లో బీబీసీలో మొదలై, మంత్రి ప్రధాని అయ్యాక యస్ ప్రైమ్ మినిస్టర్‌గా 1988 దాకా నడిచింది. అన్నీ కలిపి 38 ఎపిసోడ్లు. జిమ్ హ్యాకర్‌ది ఏ పార్టీయో ఒక్కచోట కూడా చెప్పరు. అవతలివైపు సర్ హంఫ్రీ అనే అధికారి, ఒక్క వాక్యంలో ఊపిరాడకుండా అరవై మాటలు పేర్చి మంత్రికి ఏమీ అర్థం కాకుండా చేస్తాడు. అప్పటి ప్రధాని మార్గరెట్ థాచర్‌కి ఇష్టమైన సీరియల్ ఇది. వెక్కిరించేది తన ప్రభుత్వాన్నే, అయినా ఇష్టం! 2001లో మన దగ్గర హిందీలో జీ మంత్రీజీ అని ఫారూఖ్ షేక్‌తో తీస్తే, ఆ ఫైళ్ళూ ఆ నక్కవినయాలూ ఇక్కడివేనేమో అన్నట్టు అతికిపోయాయి.

మనిషిని వెక్కిరిస్తే ఆ మనిషి దిగిపోగానే జోకు కూడా దిగిపోతుంది. కుర్చీని వెక్కిరించారు కాబట్టి ఇది ఇంకా నడుస్తోంది.

బల్లకింద_బాబ్జీ (సాయంత్రం 4.52)

తాతగారూ, మరి 2013లో అదే రచయితల జోడీ, ఆంటనీ జే, జొనాథన్ లిన్ కలిసి మళ్ళీ తీస్తే ఎందుకు తుస్సుమంది? పార్టీ పేరు అప్పుడూ లేదు కదా. హ్యాకర్‌ది కూటమి ప్రభుత్వం, ఆర్థిక సంక్షోభం, అన్నీ తాజా సరుకే. ఆరు ఎపిసోడ్లు వచ్చాయి, ఏడోది ఎవరూ అడగలేదు.

టీవీ_తాత (సాయంత్రం 5.20)

దొరికిపోయాను బాబూ. హ్యాకర్, హంఫ్రీ వేషాలు వేసిన పాల్ ఎడింగ్టన్, నైజెల్ హాథార్న్ ఇద్దరూ అప్పటికే లేరు, కొత్తవాళ్ళు మంచి నటులే అయినా వాళ్ళు కాదు అని సరిపెట్టుకుంటూ వచ్చాను. అది సగమే నిజమేమో.

స్క్రిప్టు_సుబ్బులు (సాయంత్రం 6.08)

మిగతా సగం నేను చెప్పనా? మధ్యలో 2005లో ది థిక్ ఆఫ్ ఇట్ వచ్చింది. అదీ బ్రిటిష్ మంత్రుల కథే, కానీ చేతిలో పట్టుకున్న కెమెరా, ఒకరి మాట మీద ఒకరి మాట, బూతుల వర్షం, వెనక నవ్వుల ట్రాకు లేదు. ప్రేక్షకుడి చెవి ఆ వేగానికి అలవాటుపడింది. 2013లో మళ్ళీ సోఫాలో కూర్చుని, నవ్వు కోసం ఆగి ఆగి మాట్లాడితే నాటకంలా అనిపించింది. పైగా అది నిజంగానే 2010 నాటి రంగస్థల నాటకం లోంచి వచ్చింది. హాస్యం మారిందంటే మనం ఎంతసేపూ ఏ మాట అనొచ్చు, ఏది అనకూడదు అని కొట్టుకుంటాం. నా లెక్కలో ఎక్కువ మారింది మాటల లయ.

అంజి_అభిమాని (రాత్రి 8.15)

ఇంతమంది ఉండి అమృతం పేరు ఒక్కరూ ఎత్తలేదేంటండీ? 2001 నుంచి 2007 వరకు నడిచింది. 2020 ఉగాదికి అమృతం ద్వితీయం అని ఓటీటీలో మొదలుపెట్టారు. ఒక విచిత్రం గమనించారా? అమృతం పాత్రకే శివాజీ రాజా, నరేష్, హర్షవర్ధన్ అని ముగ్గురు మారారు. మనం కిమ్మనలేదు. ఆంజనేయులు మాత్రం మొదటినుంచీ గుండు హనుమంతరావు గారు. ఆయన 2018లో పోయారు. ద్వితీయంలో ఎల్బీ శ్రీరామ్ గారు వేశారు, ఆయన్ని వంక పెట్టేదేముంది. అయినా "ఒరేయ్ ఆంజనేయులూ" అని పిలిచిన ప్రతిసారీ నా మనసు పక్క కుర్చీకేసి చూసింది.

హీరో మారితే ఫరవాలేదు, హీరో ఎవరి మీద విసుక్కుంటాడో ఆ మనిషి మారకూడదు. నాకు తెలిసిన సూత్రం ఇదొక్కటే.

రిమోట్_రాణి (రాత్రి 8.44)

అబ్బ, బాగా చెప్పారు అంజి గారూ. ఫ్రేజర్ అనే అమెరికన్ సిట్‌కామ్‌కీ అదే జరిగింది. 1993 నుంచి పదకొండు సీజన్లు. 2023లో మళ్ళీ తీస్తే రాజకీయం జోలికే పోలేదు, ఒక్కరి మనోభావాలూ దెబ్బతినలేదు. రెండు సీజన్లకే ఆపేశారు. తండ్రి వేషం వేసిన జాన్ మహోనీ 2018లో పోయారు, తమ్ముడు నైల్స్ వేసిన డేవిడ్ హైడ్ పియర్స్ రానన్నాడు. ఫ్రేజర్ గొప్పలు పోతే గాలి తీసేసేవాళ్ళు లేరు. రాజకీయం లేకుండా కూడా బోల్తా కొట్టొచ్చని రుజువైంది.

రోజాన్‌కి పాత మనుషులు తిరిగొచ్చిన అదృష్టం ఉంది. 1997 ముగింపులో భర్త డాన్ గుండెపోటుతో చచ్చిపోయాడని చెప్పేశారు కదా, 2018లో అతను నిద్రలో ఊపిరి సరిగ్గా ఆడ్డానికి పెట్టుకునే మాస్కుతో మంచం మీంచి లేస్తాడు, చచ్చిపోయావనుకున్నానే అంటుంది ఆవిడ. ఒక్క జోకుతో పాత ముగింపుని చెత్తబుట్టలో వేశారు. ఎంత ధీమా!

నిద్రపట్టని_నాగు (రాత్రి 10.30)

సరే, నా మొదటి పోస్టులో సగం వెనక్కి తీసుకుంటున్నాను. మిగతా సగం నా దగ్గరే ఉంచుకుంటా, కండువా కథ విన్నాక మరీను. సుబ్బులు గారూ, మీ చేతికిస్తే మర్ఫీని ఎలా రాసేవారు?

స్క్రిప్టు_సుబ్బులు (రాత్రి 11.12)

ఆవిడ చేత తప్పు చేయించేదాన్ని. పాత మర్ఫీ వారానికోసారి తప్పు చేసేది, ఎవరినో నోటికొచ్చినట్టు అని చివర ముక్కుతూ మూలుగుతూ క్షమాపణ చెప్పేది. కొత్త మర్ఫీ ఎప్పుడూ రైటే. ఎదుటివాళ్ళు ఎప్పుడూ వెధవలే. రైటుగా ఉండేవాళ్ళతో ఇరవై రెండు నిమిషాలు ఎలా కూర్చుంటామండీ?

ఒక ఎపిసోడ్ చెప్తాను. తనకి పడని నాయకుడి వీడియో ఒకటి దొరుకుతుంది. అచ్చం తను ఎలా ఉండాలని కోరుకుందో అలాగే ఉంటుంది. సరిచూడకుండా ప్రసారం చేసేస్తుంది. అది దొంగ వీడియో. ఆ సంగతి ముందే కనిపెట్టి, అవతలి ఛానల్లో వెయ్యాలా వద్దా అని రాత్రంతా నిద్రపోనిది కొడుకు. తెల్లారి ఇద్దరూ కాఫీ దగ్గర కూర్చుంటారు, ఎవరికీ మాట రాదు. రాజకీయం ఎంత కావాలంటే అంత పెట్టుకోవచ్చు అందులో.

మూడోకన్ను (రాత్రి 11.20)

ఇది తీస్తే నేను చూస్తా. అయితే సగం మంది ఆ కొడుకుతో కలిసి నవ్వుతారు, ముందే చెప్తున్నా.

స్క్రిప్టు_సుబ్బులు (రాత్రి 11.24)

నవ్వనీండి.

రిమోట్_రాణి (రాత్రి 11.41)

ఇంకో మామూలు కారణం కూడా ఉంది, ఎవరూ అనలేదు. 2018లో కొత్త మర్ఫీ చూడబోయే కుర్రవాళ్ళకి పాత మర్ఫీ ఓటీటీల్లో దొరకలేదు. ఆ సీరియల్ నిండా మోటౌన్ అనే రికార్డుల కంపెనీ పాటలు, వాటి హక్కుల ఖర్చు వల్ల డీవీడీ మొదటి సీజన్‌తోనే ఆగిపోయింది. ఇప్పటికీ అంతే అనుకుంటా. ఫ్రెండ్స్‌లాగా రోజూ ఎక్కడో ఒకచోట తిరుగుతూ ఉంటే కొత్తతరం పట్టుకునేది. తొంభై ముగ్గురు సెక్రటరీలు మారారనే పాత జోకు తెలియనివాడికి, హిల్లరీ సెక్రటరీగా రావడంలో ఏముంది నవ్వడానికి?

నిద్రపట్టని_నాగు (రాత్రి 11.49)

నేనూ ఆ కోవలోనే ఉన్నాను. పాతది ముక్కలు ముక్కలుగా చూశానంతే. ఆ బంగాళాదుంపల ఎపిసోడ్ ఎవరి దగ్గరైనా ఉందా?

టీవీ_తాత (ఉదయం 6.10)

నా దగ్గరుంది. అప్పుడు టీవీలోంచి రికార్డు చేసుకున్న క్యాసెట్టు, ప్రకటనలతో సహా. అది పెట్టి చూసే మిషను పాడై పదేళ్ళయింది. ఎవరి దగ్గరైనా పనిచేసే వీసీఆర్ ఉంటే చెప్పండి.